లైంగికత, జెండర్ మీద సైకాలజీ పీహెచ్‌డీ: డబ్బు ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

"టాపిక్ ఓకే అయింది. ఇక డబ్బే." ఏటా ఇద్దరు ముగ్గురు రీసెర్చ్ స్కాలర్ల నోట ఈ మాట వింటుంటాను. టాపిక్ ఓకే చేయించుకోవడమే పెద్ద యుద్ధం అనుకుని వస్తారు పాపం. డీఆర్‌సీ (టాపిక్ ఓకే చేసే డిపార్ట్‌మెంట్ పరిశోధన కమిటీ) మీటింగులో ఎవరో పెద్దాయన "ఇంతకన్నా మంచి టాపిక్ దొరకలేదా అమ్మా" అని అడిగి ఉంటారు. ఏదో జవాబు చెప్పి గట్టెక్కి ఉంటారు. తీరా ఫీల్డ్‌వర్క్‌కి బయలుదేరదామని చూసుకుంటే చేతిలో బస్సు ఛార్జీలు తప్ప ఏమీ ఉండవు.

లైంగిక ధోరణి, జెండర్ గుర్తింపు మీద సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, చేద్దామనుకుంటున్న ఎంఏ, ఎమ్మెస్సీ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో ఉన్నవాళ్లకూ పనికొస్తుంది, అమెరికా వెళ్లి అక్కడి డిపార్ట్‌మెంట్లలో చేరిన మన పిల్లలకూ పనికొస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఒకే చోట నుంచి పెద్ద మొత్తం వస్తుందని కూర్చున్నవాళ్లు ఈ రంగంలో కూర్చునే ఉంటారు. ఇక్కడ డబ్బు చిల్లరగా వస్తుంది. ఒక గుమ్మంలో పది వేలు, ఇంకో గుమ్మంలో ముప్పై వేలు. ఒక్కో గుమ్మానికి ఒక్కో షరతు: పౌరసత్వం, సభ్యత్వం, వయసు, పీహెచ్‌డీలో ఎన్నో ఏడు. కాబట్టి పనిని ముక్కలు చేసుకుని, ఏ ముక్కకు ఏ గుమ్మం అని చూసుకోవాలి.

1. ప్రశ్నను ఖర్చుగా మార్చండి

"ఎల్జీబీటీ యువత మానసిక ఆరోగ్యం" అనేది ప్రాజెక్టు కాదు, లైబ్రరీలో ఒక అల్మారా పేరు. దానికి ఎవరూ డబ్బివ్వరు. ఎందుకంటే దానికి ఎంత ఖర్చవుతుందో మీకే తెలియదు. ప్రశ్న ఇరుకు చేయండి. ఎంత ఇరుకంటే, చదివినవాడికి ఎంతమందిని కలవాలి, ఎక్కడ కలవాలి, ఏం అడగాలి అన్నది కళ్లకు కట్టాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇంట్లోవాళ్లకు తన గురించి తెలుసా లేదా అని అడిగే ప్రశ్న ఇంగ్లిష్ స్కేళ్లలో, అంటే సైకాలజీ కొలతకు వాడే ప్రశ్నావళుల్లో, మామూలుగా ఉంటుంది. నేను చూసిన ఒక ప్రశ్నావళిలో దాన్ని మొదట "నా లైంగిక ధోరణి గురించి నా కుటుంబానికి తెలుసు" అని తెలుగు చేశారు. తెలుగులో ఎవరైనా అలా మాట్లాడతారా? రెండోసారి "మా ఇంట్లో వాళ్లకి నా సంగతి తెలుసు" అని మార్చారు. బాగుంది, నోటికి వచ్చే మాట. ట్రయల్ వేసినప్పుడు ఒక కుర్రాడు పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. "తెలుసు అంటే? అమ్మకి తెలుసు. తెలిసినట్టు అమ్మ ఒప్పుకోదు. చెప్పినట్టు నేనూ ఒప్పుకోను. టిక్ ఎక్కడ పెట్టమంటారు?"

ఆ ఒక్క వాక్యం మూడు వాక్యాలైంది. నేనే చెప్పాను. నేను చెప్పకపోయినా వాళ్లకు తెలుసు. తెలిసినా ఇంట్లో ఆ మాట ఎత్తరు. అసలు పరిశోధన ప్రశ్న ఆ మూడోదాంట్లో ఉంది: ఇంట్లో తెలిసి కూడా ఎత్తకపోవడం మనిషిని కాపాడుతోందా, లోపల్లోపల తినేస్తోందా? ఇలాంటి ప్రశ్న తట్టిందంటే మీ ప్రపోజల్ సగం రాసినట్టే. దానితోపాటు ఒక ఖర్చు కూడా బయటపడింది. అనువాదం ఒక మనిషి ఒక రాత్రి కూర్చుని చేసే పని కాదు. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి. మూడో మనిషి మూలం చూడకుండా దాన్ని మళ్లీ ఇంగ్లిష్ చేయాలి. తర్వాత కొందరి మీద ట్రయల్ వేయాలి.

ఇప్పుడు లెక్క రాయండి. ముప్పై మందిని ఇంటర్వ్యూ చేస్తారనుకుందాం. రేట్లు ఊరికే లెక్క కోసం వేస్తున్నాను, మీ ఊరివి మీరు కనుక్కోండి. వచ్చినవాళ్ల సమయానికి తలా 500 చొప్పున 15,000. వాళ్ల రానుపోను ఛార్జీలకు తలా 200, అంటే 6,000. అనువాదానికి 12,000. రికార్డరు, పాస్‌వర్డ్ పెట్టుకునే హార్డ్‌డిస్క్ కలిపి 9,000. ఇంటర్వ్యూలో ఎవరికైనా పాత గాయం రేగితే పంపడానికి ఒక కౌన్సెలర్‌తో ముందే మాట్లాడుకుని పది సెషన్లకు 10,000. గంట రికార్డింగును అక్షరం పోకుండా రాయడానికి ఆరు గంటలు పడుతుంది. ముప్పై గంటలకు 180 గంటలు, గంటకు 150 చొప్పున 27,000. మొత్తం 79,000.

ఎక్కువనిపిస్తే ఎక్కడ తగ్గించాలి? కౌన్సెలర్ దగ్గర మాత్రం కాదు. చాలామంది మొదట కత్తెర వేసేది అక్కడే, కమిటీలు మొదట చూసేదీ అక్కడే. రికార్డింగులు మీరే రాసుకోండి. 52,000కు దిగుతుంది. పైగా ఆ గొంతులు మీ గదిలోనే ఉంటాయి. ఈ రికార్డింగులున్న పెన్‌డ్రైవ్‌ను డీటీపీ షాపులో ఇచ్చి "సాయంత్రానికి టైప్ చేసిపెట్టన్నా" అన్నవాళ్లు నాకు తెలుసు. వద్దు.

2. పొట్టకు వేరు, పనికి వేరు

నెలనెలా వచ్చే ఫెలోషిప్పు ఒకటి, పరిశోధనకయ్యే ఖర్చు ఇంకొకటి. రెండూ కలిపేసుకోవడం వల్లే టెన్షన్.

మన దగ్గర మొదటి దారి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) ఇచ్చే జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షతో వస్తుంది. నెట్‌లో సైకాలజీ పేపరుంది, పరీక్ష ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయ్యాక 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. కంటింజెన్సీ అని పరిశోధన చిల్లర ఖర్చులకు ఇచ్చేది ఇంకోటుంటుంది. సోషల్ సైన్సెస్‌కు మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000, తర్వాత 20,500. పరిశోధన ఖర్చంటే అదొక్కటే. జేఆర్‌ఎఫ్‌కు వయసు పరిమితి 30 ఏళ్లు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు ఉన్నట్టే ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకూ ఐదేళ్ల సడలింపు ఉంది. ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు పీజీలో కూడా 55 శాతం బదులు 50 చాలు. ఈ సంగతి తెలియక దరఖాస్తే పెట్టనివాళ్లున్నారు.

జేఆర్‌ఎఫ్ రాకపోతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నాన్‌నెట్ ఫెలోషిప్పు (నెట్ లేని స్కాలర్లకు ఇచ్చేది) కింద నెలకు 8,000 ఇస్తారు. రాష్ట్ర యూనివర్సిటీల్లో అదీ నమ్మకం లేదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ స్కాలర్లకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఫెలోషిప్పులు, అమ్మానాన్నలకు ఒక్కతే సంతానమైన ఆడపిల్ల అయితే సావిత్రిబాయి ఫూలే పేరు మీద యూజీసీ ఇచ్చేది, ఇవన్నీ టాపిక్‌తో పనిలేకుండా వచ్చేవి. అదే వాటిలో సుఖం. మీ టాపిక్ చూసి మొహం చిట్లించే అవకాశం ఎవరికీ ఉండదు.

టాపిక్ చూసి ఇచ్చేవాటిలో ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) డాక్టోరల్ ఫెలోషిప్పు ముఖ్యం. 1969లో పెట్టిన సంస్థ, సైకాలజీ వాళ్ల జాబితాలో ఉంది. మొన్నమొన్నటి ప్రకటనల్లో నెలకు 20,000, ఏడాదికి 20,000 కంటింజెన్సీ ఉన్నాయి. ఇది జేఆర్‌ఎఫ్‌తో కలిపి తీసుకునేది కాదు. వీళ్ల దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. వేరే ఊళ్ల స్కాలర్లు లైబ్రరీ పని మీద వస్తే చిన్న సాయం చేస్తుంటారు. ఒకసారి వెళ్లి నోటీసు బోర్డు చదివి రండి, ఫోన్లో అడిగితే తెగదు.

ఇంకో దారి ఎవరూ చెప్పరు. మీ గైడుకో పక్క డిపార్ట్‌మెంట్ ప్రొఫెసరుకో పబ్లిక్ హెల్త్, హెచ్ఐవీ, యువత మానసిక ఆరోగ్యం మీద ప్రాజెక్టు ఉంటే అందులో అసిస్టెంటుగా చేరండి. ఫీల్డుకు వెళ్లే ఖర్చు ప్రాజెక్టు మీద పోతుంది, మనుషులు పరిచయమవుతారు. అక్కడి డేటాలో ఏది మీ థీసిస్‌లో వాడుకోవచ్చో మాత్రం మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి. మూడో ఏడు అడిగితే మాట మారుతుంది.

మన 52,000 లెక్కకొద్దాం. రెండేళ్ల జేఆర్‌ఎఫ్ కంటింజెన్సీ 20,000. మిగిలింది 32,000. ఇప్పుడు మీరు వెతకాల్సింది ఆ 32,000 మాత్రమే. ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లకిచ్చే డబ్బు కంటింజెన్సీలో పడుతుందా పడదా అని అకౌంట్స్ సెక్షన్‌ను ఖర్చు పెట్టకముందే లిఖితపూర్వకంగా అడగండి.

3. అమెరికాలో ఉంటే

అక్కడి మన పిల్లలు చేసే మొదటి పొరపాటు, క్లాస్‌మేట్లందరూ రాస్తున్నారని తామూ ఎన్‌ఎస్‌ఎఫ్ (అమెరికా ప్రభుత్వ సైన్స్ ఫౌండేషన్) గ్రాడ్యుయేట్ ఫెలోషిప్పుకు నెలరోజులు కూర్చుని రాయడం. అది అమెరికన్ పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ పీహెచ్‌డీ విద్యార్థులకు ఇచ్చే ఎఫ్31 ఫెలోషిప్పు కూడా అంతే. ఎఫ్1 విద్యార్థి వీసా మీదుంటే ఆ రెండు గుమ్మాలూ మూసే ఉన్నాయి. ముందు అర్హత పేరా చదవండి, తర్వాతే మిగతాది.

మీకు తెరిచి ఉండే అవకాశం ఎక్కువున్నవి వృత్తి సంఘాలు, ప్రైవేటు ఫౌండేషన్లు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లో 44వ డివిజన్ 1985లో మొదలైంది. లైంగిక ధోరణి, జెండర్ వైవిధ్యం మీద పనిచేసే సైకాలజిస్టుల సంఘం అది. దీని తరఫున గ్రాడ్యుయేట్ విద్యార్థుల పరిశోధనకు మాలియన్-స్మిత్ స్కాలర్‌షిప్పు ఇస్తుంటారు. అమెరికన్ సైకలాజికల్ ఫౌండేషన్ 1953 నుంచి ఉంది. ఎల్జీబీటీ కుటుంబాల మీద పరిశోధనకు రాయ్ స్క్రివ్నర్ పేరుతో గ్రాంటులిస్తూ వచ్చింది, ఇది పది వేల డాలర్ల స్థాయిది. ఎస్‌పీఎస్‌ఎస్‌ఐ అని సామాజిక సమస్యల మీద పనిచేసే సైకాలజిస్టుల సంఘం 1936 నాటిది. వివక్ష, పక్షపాతం మీద పనికి క్లారా మేయో గ్రాంట్లు, మామూలు గ్రాంట్స్-ఇన్-ఎయిడ్ ఇస్తుంది. సెక్సువాలిటీ మీద శాస్త్రీయ పరిశోధన చేసే సొసైటీ, సై కై (Psi Chi) అనే సైకాలజీ విద్యార్థుల గౌరవ సంఘం కూడా విద్యార్థులకు చిన్న గ్రాంట్లు ఇస్తాయి. ఇవి చాలావరకు వెయ్యి, రెండు వేల డాలర్ల లెక్కలోవి. ఏ ఏడాది ఏది తెరిచారు, ఎంత ఇస్తున్నారు అన్నది ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోండి. సీనియర్ ఇచ్చిన పాత పీడీఎఫ్ నమ్మి దెబ్బతిన్నవాళ్లున్నారు.

సభ్యత్వం అడిగే చోట్ల ముందే చేరిపోండి. విద్యార్థులకు ఫీజు తక్కువే. అన్నిటికన్నా తేలిగ్గా వచ్చేది మాత్రం మీ సొంత గ్రాడ్యుయేట్ స్కూలు, డిపార్ట్‌మెంటు ఇచ్చే చిన్న రీసెర్చ్ ఫండు. చాలా సందర్భాల్లో పౌరసత్వం అడగరు, పోటీ కూడా తక్కువ. అక్కడ మొదట 500 డాలర్లు తెచ్చుకుంటే, "ఒకరు నమ్మి ఇచ్చారు" అని తర్వాతి దరఖాస్తులో రాసుకోవచ్చు.

పన్ను సంగతి మర్చిపోకండి. ఎఫ్1 మీదున్నవాళ్లకు ట్యూషన్‌కు పోని స్కాలర్‌షిప్పు డబ్బు మీద యూనివర్సిటీ సాధారణంగా 14 శాతం పట్టుకుంటుంది. వెయ్యి వస్తుందనుకుని బడ్జెట్ వేసుకుంటే 860 చేతికొస్తుంది. ఈ గ్రాంటు ఏ ఖాతా కింద వస్తుందో, పట్టుకుంటారో లేదో ఇంటర్నేషనల్ ఆఫీసులో కాదు, పేరోల్లో అడగండి.

4. రాసేటప్పుడు

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. 1953లో లాస్ ఏంజెలెస్‌లో ఎవెలిన్ హూకర్ అనే సైకాలజిస్టు అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థకు గ్రాంటు కోసం దరఖాస్తు పెట్టింది. చికిత్సలో లేని, మామూలుగా బతుకుతున్న స్వలింగ ప్రేమికుల మీద పరిశోధన చేస్తానంది. మెకార్తీ రోజులవి, కమ్యూనిస్టులనీ స్వలింగ ప్రేమికులనీ అనుమానించి మనుషుల్ని వేటాడిన కాలం. స్వలింగ సంబంధం జబ్బని పుస్తకాల్లో, నేరమని చట్టంలో ఉంది. గ్రాంట్ల విభాగం అధిపతి జాన్ ఎబర్‌హార్ట్ ఈమె ఎవరో చూద్దామని స్వయంగా కాలిఫోర్నియా వచ్చి ఒక రోజంతా మాట్లాడి వెళ్లాడు. గ్రాంటు వచ్చింది.

ఆమె డిజైన్ చూడండి. ముప్పై మంది స్వలింగ ప్రేమికులు, ముప్పై మంది కానివాళ్లు. వయసు, చదువు, ఐక్యూ చూసి జతలు కట్టింది. రోర్‌షాక్ (సిరా మరకలు చూపించి అడిగేది) లాంటి పరీక్షలు పెట్టి, ఏ కాగితం ఎవరిదో చెప్పకుండా ఆ పరీక్షల్లో ఉద్దండులైనవాళ్లకు ఇచ్చింది. ఏది ఎవరిదో వాళ్లు పోల్చలేకపోయారు. 1956లో షికాగో సభలో చదివింది, 1957లో అచ్చయింది. 1973లో మానసిక రుగ్మతల జాబితా నుంచి స్వలింగ ధోరణిని తీసేయడానికి దారివేసిన పనుల్లో ఇదొకటి.

దీన్నుంచి దరఖాస్తుకు నేర్చుకోవాల్సింది ఒకటే. ఆమె జాలి అడగలేదు. "ఈ వర్గం ఎన్నో కష్టాలు పడుతోంది" అని మూడు పేజీలు రాయలేదు. "మీరు నమ్ముతున్నది తప్పా ఒప్పా, ఈ పద్ధతిలో తేలుతుంది" అంది. మన స్కాలర్ల దరఖాస్తులు చాలావరకు ఇలా మొదలవుతాయి: "అనాదిగా వివక్షకు గురవుతున్న ఎల్జీబీటీ సమాజంపై అవగాహన పెంపొందించడం ఈ పరిశోధన లక్ష్యం." కమిటీలో కూర్చున్నవాడు ఆ రోజు అలాంటివి పదిహేను చదివి ఉంటాడు. దాని బదులు: "తెలుగు ఇళ్లల్లో పిల్లల సంగతి తెలిసి కూడా మాట్లాడుకోకపోవడం మామూలు. అది డిప్రెషన్ లక్షణాలను పెంచుతుందా తగ్గిస్తుందా అన్నది హైదరాబాద్, విశాఖల్లో 18-30 ఏళ్ల ముప్పై మందితో చేసే ఇంటర్వ్యూల్లో వెతుకుతాను." అవగాహన మాటే లేదు, అయినా చదవాలనిపిస్తుంది.

సిద్ధాంతం పేరు చెప్పాలి కాబట్టి అందరూ ఇలన్ మేయర్ 2003లో రాసిన మైనారిటీ స్ట్రెస్ మోడల్ పెడతారు, అంటే వివక్ష, దాచుకోవడం వల్ల వచ్చే అదనపు ఒత్తిడి మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందన్న సిద్ధాంతం. పెట్టండి. కానీ అక్కడ ఆగకండి. విడిగా గది తీసుకుని బతికే అమెరికన్ కుర్రాడి కోసం కట్టిన చట్రం, ముప్పై దాటినా అమ్మానాన్నలతో ఉంటూ ఆదివారం పెళ్లిచూపులకు కూర్చునే మనవాడికి ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ బిగుసుకుపోతుంది? ఆ రెండు వాక్యాలు మీవి. మిగతావి ఎవరైనా రాస్తారు.

మన దగ్గర కమిటీలకు "ఇది చట్టప్రకారం సరేనా" అన్న అనుమానం ఇప్పటికీ వస్తుంది. వాదన పెట్టుకోకండి, ఒక పేరా సిద్ధంగా ఉంచుకోండి. 2014 ఏప్రిల్‌లో నల్సా కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ గుర్తింపును అంగీకరించింది. 2018 సెప్టెంబరు 6న పెద్దల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మానసిక ఆరోగ్య సేవల్లో లైంగిక ధోరణి పేరుతో వివక్ష చూపొద్దంటోంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు నిజాం నాటి నపుంసకుల చట్టాన్ని కొట్టేసింది. ఐదు వాక్యాల్లో ముగించి జతచేయండి. ఫైల్ కదులుతుంది.

టాపిక్ దాచి "యువత ప్రవర్తన" లాంటి టైటిల్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. మంచి మనసుతోనే చెబుతారు. కానీ టైటిల్ ఒకటి, ప్రశ్నావళి ఇంకొకటి అయితే పాల్గొనేవాళ్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ దగ్గర ఆగిపోతుంది, ఆగినప్పుడు అబద్ధమాడినట్టు కనిపించేది మీరే.

5. సంతకం తగాదా

ఇది ఏ ప్రాస్పెక్టస్‌లోనూ ఉండదు, కానీ గ్రాంటు వచ్చాక మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఇదే.

ఇంటర్వ్యూకు వచ్చినతనికి 500 ఇచ్చారు. అకౌంట్స్ సెక్షన్‌కు వోచర్ కావాలి: పేరు, ఊరు, ఫోన్ నంబరు, సంతకం. ఎథిక్స్ కమిటీకేమో ఆ పేరు ఎక్కడా ఉండకూడదు. 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు లైంగిక మైనారిటీలను ప్రత్యేక రక్షణ అవసరమైన వర్గాల్లో చేర్చాయి. ఒకరికి సంతకం కావాలి, ఇంకొకరికి సంతకం వద్దు, మధ్యలో మీరు. ఒక స్కాలరు ఇలాగే ఆడిట్ అడిగిందని ఇరవై మంది పేర్ల జాబితా ఫైల్లో పెట్టేశాడు. ఆ ఫైల్ ఎంతమంది టేబుళ్ల మీద తిరిగిందో లెక్కలేదు. తర్వాత తెలిసి అతనే కుమిలిపోయాడు.

పద్ధతి ఇది. ఒక్కొక్కరికి ఒక కోడ్ ఇవ్వండి. చెల్లింపు రిజిస్టరులో కోడ్, తేదీ, మొత్తం, అంతే. ప్రతి పేజీ కింద మీరూ గైడూ సంతకం చేసి, డబ్బు ఇచ్చినట్టు ధ్రువీకరించండి. ఈ పద్ధతికి ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రంలోనే ఒక వాక్యం రాయించుకుని, దాని కాపీ ఫైనాన్స్ ఆఫీసర్‌కు పంపి, "సరే" అని నోట్‌ఫైల్ మీద పడ్డాకే మొదటి రూపాయి ఖర్చు పెట్టండి. గ్రాంటు ఇచ్చే సంస్థకూ బడ్జెట్ వివరణలో ముందే చెప్పండి. సమ్మతి పత్రం మీద కూడా సంతకం బదులు నోటిమాటగా తీసుకుని రికార్డు చేసే వెసులుబాటు కమిటీని అడగొచ్చు. సంతకమే ప్రమాదమైన చోట అడగడంలో తప్పులేదు.

ఫోన్‌పేలో పంపుదామనిపిస్తుంది. ఆగండి. పంపగానే అవతలివాళ్ల ఫోన్లో మీ పేరు పడుతుంది, మీ ఫోన్లో వాళ్ల బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు పడుతుంది. కొడుకు ఫోన్ చూసే తండ్రులు, భర్త ఫోన్ చూసే భార్యలు మనకేం తక్కువ లేరు. ట్రాన్స్ మహిళకు తను వదిలేసిన పేరు స్క్రీన్ మీద కనపడటం ఇంకో గాయం. నగదు కవర్లో పెట్టి ఇవ్వడం పాతపద్ధతే, కానీ మంచిది.

గది కూడా బడ్జెట్‌లో పెట్టండి. డిపార్ట్‌మెంట్‌లో గది ఉచితమే, కానీ అక్కడికి రావాలంటే గేటు దగ్గర రిజిస్టరులో పేరు రాయాలి, అటెండరు "ఎవరికోసం" అని అడుగుతాడు. హూకర్ తన ఇంటి తోటలో విడిగా ఉన్న గదిలో మనుషుల్ని కలిసింది ఇందుకే. ఈ వర్గం వాళ్లే నడిపే సంస్థల ఆఫీసుల్లో రెండు గంటలు గది అడగండి, వాళ్లకు అద్దె ఇవ్వండి. ఉచితంగా వాడుకుని థ్యాంక్స్ పేజీలో పేరు వేయడం అలవాటైపోయింది మనకు. దాంతో వాళ్లు విసిగిపోయి ఉన్నారు.

6. మీ పేరు కూడా ఆలోచించుకోండి

గ్రాంటు వస్తే మీ పేరు, ఫోటో, టాపిక్ ఆ సంస్థ వెబ్‌సైట్లో పడతాయి. గొప్పే. కానీ మన ఇళ్లల్లో సంబంధం చూసేముందు పేరు గూగుల్ చేస్తారు. ఈ టాపిక్ మీద పనిచేసేవాళ్లందరినీ "నువ్వు కూడానా" అని అడుగుతారు, వైవాలో అడిగినవాళ్లూ ఉన్నారు. మీరు అయినా కాకపోయినా జవాబు చెప్పాల్సిన అవసరం లేదు. అయితే ఇంట్లో ఇంకా చెప్పుకోనివాళ్లు దరఖాస్తుకు ముందే సంస్థకు మెయిల్ పెట్టి అడగండి: ఎంపికైతే వివరాలు ఎంతవరకు వేస్తారు, ఫోటో లేకుండా వేయగలరా అని. చాలామంది ఒప్పుకుంటారు. సిఫార్సు ఉత్తరం రాసే ప్రొఫెసరుకు కూడా మీ వ్యక్తిగత సంగతి ఉత్తరంలో రాయొద్దని చెప్పండి. కొందరు మెచ్చుకుంటున్నామనుకుని రాసేస్తారు.

7. ఆగిపోతే

ఈ రంగంలో డబ్బు రాజకీయంతో పాటు వస్తుంది, దానితోనే పోతుంది. ఎన్‌ఐహెచ్‌లో 2015లో లైంగిక, జెండర్ మైనారిటీల పరిశోధనకు ప్రత్యేక ఆఫీసు పెట్టారు. 2025లో అమెరికాలో ప్రభుత్వం మారాక ఇదే రంగంలో నడుస్తున్న గ్రాంట్లను మధ్యలో రద్దు చేశారు, కోర్టుల దాకా వెళ్లింది. ఆ దెబ్బ మన ఊరికీ తగిలింది. 2021లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం మొదలైన మిత్ర్ క్లినిక్ అమెరికా సాయం మీద నడిచేది, 2025 మొదట్లో ఆ సాయం ఆగి మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో సబ్‌రంగ్ పేరుతో తెరిచారు.

అందుకే ఒకే దాత డబ్బు మీద మొత్తం శాంపిల్ ఆధారపడేలా పెట్టకండి. మొదటి పది ఇంటర్వ్యూలు మీ కంటింజెన్సీతోనే అయిపోవాలి. గ్రాంటు రాకపోయినా అవి ఒక పేపరుకు సరిపోవాలి. ఇండియాలో ఉండి విదేశీ డబ్బుతో ఆరోగ్య పరిశోధన చేయాలంటే ఐసీఎంఆర్ చూసే స్క్రీనింగ్ కమిటీ అనుమతి, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నిబంధనలు అడ్డురావచ్చు. యూనివర్సిటీ ఫైనాన్స్ ఆఫీసును దరఖాస్తుకు ముందే అడగండి, డబ్బు వచ్చాక కాదు.

దరఖాస్తు తిరిగొస్తే వ్యాఖ్యలు పంపమని మెయిల్ పెట్టండి. ఇద్దరు రివ్యూయర్లు ఒకే వాక్యం దగ్గర తడబడితే ఆ వాక్యం మార్చాలి. ఒక్కడే తడబడితే అతని ఇష్టం. మార్చి ఇంకో చోట వేయండి.

హూకర్ కథలో నాకు బాగా నచ్చే ముక్క ఒకటుంది. ఆమె పరిశోధనలో పాల్గొన్నవాళ్లలో వేన్ ప్లాసెక్ అనే నెబ్రాస్కావాసి ఒకడు. అతను రాసిచ్చిన ఆస్తితోనే 1995లో అమెరికన్ సైకలాజికల్ ఫౌండేషన్‌లో అతని పేరు మీద గ్రాంటు మొదలైంది. ప్రశ్నలకు జవాబిచ్చిన మనిషే నలభై ఏళ్ల తర్వాత ప్రశ్నలడిగేవాళ్లకు డబ్బిచ్చాడు.

గ్రాంటు వచ్చాక మొదటి వారంలోనే ఒక కవరు తీసుకుని బిల్లులన్నీ అందులో వేయడం మొదలుపెట్టండి. బస్సు టికెట్ల మీద అచ్చు నెల రోజుల్లో వెలిసిపోతుంది, అదే రోజు ఫోటో తీసుకోండి. గడువుకు నెల ముందే యూసీ, అంటే ఖర్చు ధ్రువపత్రం, సిద్ధం చేసి సంతకాలకు పంపండి. మన ఆఫీసుల్లో మూడు సంతకాలకు మూడు వారాలు పడుతుంది, మూడో సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉంటే ఇంకాస్త.